ప్రభువు రాకడ దగ్గరపడిందని పాప ఫీజు కట్టనంటున్నారు

ప్రశ్న: వందనాలు అమ్మా. మాది మల్కాజిగిరి. మావారు జీడిమెట్లలో ఒక ప్రైవేటు కంపెనీలో పదహారేళ్లుగా సూపర్‌వైజర్. 2021లో కరోనా రెండో వేవ్‌లో మా మరిది పోయాడు. ఆ తర్వాత మావారు ఫోన్‌లో ప్రవచనాల వీడియోలు చూడటం మొదలుపెట్టారు. ఇజ్రాయెల్ యుద్ధం వచ్చాక రాత్రి ఒంటిగంట దాకా అదే పని. 2025 సెప్టెంబరు 23న యేసు ప్రభువు వస్తాడని, విశ్వాసులం బతికుండగానే ఆకాశానికి ఎత్తబడతామని దక్షిణాఫ్రికా బోధకుడు ఎవరో చెప్పాడని ఆ రోజు సెలవు పెట్టి ఉపవాసం ఉన్నారు. ఏమీ జరగలేదు, అయినా ఆగలేదు. ఇప్పుడు ఉద్యోగం మానేస్తానని, ఘట్‌కేసర్ దగ్గరి నూటయాభై గజాల ప్లాటు అమ్మి ఒక చానెల్ వాళ్ల సువార్త పనికి ఇచ్చేస్తానని అంటున్నారు. పాప ఇంటర్ అయి ఎంసెట్ రాసింది. "నాలుగేళ్ల ఇంజనీరింగ్ దేనికి, లోకం నాలుగేళ్లు ఉంటుందా" అంటారు. కౌన్సెలింగ్‌కు ఆధార్ ఇవ్వాలంటే అదీ ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగం ముద్రకు దారేనట. బాబుకి పదకొండేళ్లు. మొన్న వాడు స్కూల్ నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను. ఇల్లంతా వెతికి, గుమ్మం దగ్గర నా చెప్పులు చూసి, మేమంతా ఎత్తబడ్డామని, తనొక్కడే మిగిలిపోయాడని వీధిలోకొచ్చి ఏడ్చాడు. నేనూ ప్రభువు రాకడ నమ్ముతాను. వాదిస్తే నాది అవిశ్వాసం అంటారేమోనని నోరెత్తలేకపోతున్నాను. ఏం చేయను?

సమాధానం: అమ్మా, వందనాలు. ముందు బాబు సంగతి చూద్దాం. ప్లాటు గొడవ వారం పది రోజులు ఆగినా ఏం కాదు, వాడి భయం అలా ఆగేది కాదు.

విశ్వాసుల ఇళ్లలో పెరిగిన పిల్లల్లో చాలామంది ఈ భయం ఒక్కసారైనా పడ్డవాళ్లే. మధ్యాహ్నం నిద్రలేచేసరికి ఇంట్లో చప్పుడుండదు, పిలిస్తే అమ్మ పలకదు, గుండె జారిపోతుంది. పెద్దయ్యాక నవ్వుకుంటూ చెప్పుకుంటారనుకోండి. కానీ చెప్పులు ఇక్కడే వదిలేసి అమ్మ పైకి పోయిందని లెక్కగట్టుకున్న పదకొండేళ్ల వాడికి అందులో నవ్వేమీ లేదు. "డాబా మీదే ఉన్నా కదరా పిచ్చోడా" అని వదిలేయకండి.

వాడికి ధైర్యం చెప్పాల్సింది వాళ్ల నాన్న. ఆయన్ను వాదనకు పిలవొద్దు, ఈ ఒక్క పని అడగండి చాలు: "వాడు వీధిలో నిలబడి ఏడ్చాడండీ. వాక్యం తీసి మీరే వాడికి నచ్చజెప్పండి." ఏ తండ్రీ కాదనడు. ఎత్తబడటం గురించి చెప్పాలంటే ఆయన తెరిచేది మొదటి థెస్సలొనీకయులకు 4వ అధ్యాయమే. దాని చివరి వచనం ఇది: "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుడి." ఏడుస్తున్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఆ వచనం బయటికి చదివిన మనిషికి, అది తన చెవిన కూడా పడుతుంది. మీరు గంట వాదించినా అంత పని జరగదు. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టండి. పిల్లలు మెలకువగా ఉండగా ఆ వీడియోలు స్పీకర్‌లో పెట్టకూడదు.

రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, మీరు బాత్రూంలోకి వెళ్లినా తలుపు కొట్టడం, స్కూల్‌కు పోనని మొండికేయడం లాంటివి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ప్రార్థన చేయించి ఊరుకోకండి, పిల్లల డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక మీ భయం. రాకడ నమ్ముతాను కాబట్టి నోరెత్తలేను అన్నారు. నేనూ నమ్ముతాను. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని సీఎస్ఐ వాళ్లూ, కథోలికులూ, లూథరన్లూ విశ్వాస ప్రమాణంలో చెప్పుకునేదే. దాని మీద తగవు లేదు. తగవంతా ఎప్పుడు వస్తాడు, ఏది ముందు ఏది వెనక అన్న దగ్గరే. ముందు సంఘం ఎత్తబడటం, తర్వాత ఏడేళ్ల శ్రమలు, తర్వాత అందరికీ కనిపించే రాకడ, ఆపైన వెయ్యేళ్ల పాలన అన్న వరస మీవారికి బైబిల్ అంత పాతదిగా అనిపిస్తుండొచ్చు. దాన్ని ఈ రూపంలో పేర్చినవాడు ఐర్లండ్‌లో పాదిరీగా పనిచేసిన జాన్ నెల్సన్ డార్బీ, 1830ల నాటి మాట. 1909లో అచ్చైన స్కోఫీల్డ్ బైబిల్ అడుగున ఉండే నోట్సుతో అది దేశదేశాలకు పాకింది. డార్బీ ఉన్న బ్రదరన్ కూటాల నుంచే 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు తెలుగు నేలకు వచ్చి నరసాపురం వైపు పనిచేశారు. ఆ బోధను నిండుగా నమ్మి, నిండుగా బతికినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. దాన్ని అలా బోధించని పాత సంఘాలూ ఉన్నాయి. కాబట్టి ఆ వరసలో ఏదో ఒక మెట్టు దగ్గర మీకు సందేహం వచ్చినంత మాత్రాన అవిశ్వాసి అయిపోరు.

తేదీ దగ్గరికొస్తే ఈ తేడాలేవీ మిగలవు. "ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు తండ్రి మాత్రమే యెరుగును గాని యే మనుష్యుడైనను పరలోకమందలి దూతలైనను కుమారుడైనను ఎరుగరు" అని మత్తయి 24:36. కుమారుడే ఎరుగనన్న తేదీ మైకు ముందు కూర్చున్నాయనకు ఎలా తెలిసిందో అడగడం విశ్వాసమే.

అడగనివాళ్లకు ఏమైందో చరిత్రలో ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ లెక్కలు నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది, తరమంటే నలభై ఏళ్లు అని కూడి 1988 అన్నారు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో చెబితే న్యూయార్క్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగి తన దాచుకున్న డబ్బులో లక్షా నలభై వేల డాలర్లు పెట్టి ప్రకటనలు వేయించాడు. ఆ రోజు గడిచాక క్యాంపింగ్ దాన్ని అక్టోబరు 21కి జరిపాడు. అదీ గడిచాక, మరుసటి ఏడు, తేదీ చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు. ఖర్చయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

మీవారికి చెప్పదగిన కథ కొరియాది. డామీ మిషన్ అనే గుంపు 1992 అక్టోబరు 28 అని తేదీ పెట్టింది. జనం ఉద్యోగాలు మానేశారు, ఇళ్లు అమ్మారు, డబ్బు తెచ్చి నాయకుడి చేతిలో పోశారు. తేదీకి నెల ముందు పోలీసులు ఆయన్ను మోసం కేసులో పట్టుకున్నారు. తీరా చూస్తే ఆయన దగ్గర 1993లో గడువు తీరే బాండ్లున్నాయి! మంది లోకం అక్టోబరులో అయిపోవాలి, తన వడ్డీ మాత్రం పై ఏడాది రావాలి. ప్లాటు డబ్బు తీసుకోబోయే చానెల్ వాళ్ల గురించి మీవారు ఇదొక్కటి కనుక్కుంటే చాలు. వాళ్లు ఆఫీసు ఎన్నేళ్లకు లీజుకు తీసుకున్నారు, వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నారు?

"అయితే ఈ యుద్ధాలూ రోగాలూ గుర్తులు కావా" అంటారాయన. గుర్తులు కావని చెప్పి గెలవాలని చూడకండి. "మీరు యుద్ధములను గూర్చియు యుద్ధ సమాచారములను గూర్చియు వినబోదురు" అని మత్తయి 24లో అన్న చోటే, ఆ వెంటనే, "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అని ఉంది, "అంతము వెంటనే రాదు" అనీ ఉంది. ఆ ముక్కలు ఏ థంబ్‌నెయిల్ మీదా కనిపించవు. మనకు దగ్గర్లోనే మెదక్ చర్చి ఉంది కదా, క్రిస్మస్‌కు మీరు వెళ్లే ఉంటారు. అది 1914లో మొదలైంది. ఆ ఏడే అంతమని చెప్పినవాళ్లు అప్పటికే ఉన్నారు, దానికి తగ్గట్టు ప్రపంచ యుద్ధమూ వచ్చింది. వెనకే 1918లో ఇన్‌ఫ్లూయెంజా ఊళ్లకు ఊళ్లు ఊడ్చింది, ఇక్కడ కరువు. మత్తయి 24లోని జాబితా మొత్తం గుమ్మంలో నిలబడి ఉంటే, వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు జనానికి పని చూపించి అన్నం పెడుతూ ఆ రాళ్లు ఎత్తించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆయనకూ రాకడ మీద నమ్మకం ఉంది. అయినా పునాది లోతు తగ్గించలేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం. "2021లో మా మరిది పోయాడు" అని ఒక ముక్క రాసి, అక్కణ్ణుంచి వీడియోల మీదికి వెళ్లిపోయారు. నాకైతే మీ ఇంటి సమస్యకు మొదలు అక్కడే కనిపిస్తోంది. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊళ్లో ఆక్సిజన్ బెడ్ కోసం ఎంత తిరిగామో మనందరికీ తెలుసు. చాలామందికి శవం ఇంటికి రాలేదు, బరియల్ గ్రౌండ్ దగ్గర నలుగురిని మించి రానివ్వలేదు, సంఘం కూడి పాట పాడింది లేదు. అన్నో తమ్ముడో అలా వెళ్లిపోతే, వాణ్ణి మళ్లీ చూసే రోజు తొందరగా రావాలని కోరుకోవడం పిచ్చేమీ కాదు. మీవారు రాత్రి ఒంటిగంటకు వెతుకుతున్నది లోకం అంతాన్ని కాకపోవచ్చు.

చిత్రం ఏమిటంటే ఆ థెస్సలొనీక అధ్యాయం పుట్టిందే ఇలాంటి ఇళ్ల కోసం. క్రీ.శ. 50 ప్రాంతంలో ఆ కొత్త సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేటప్పటికి వీళ్లు ఉండరే, వీళ్ల గతి ఏమిటని మిగిలినవాళ్లు కుమిలిపోతుంటే పౌలు రాసిన ఓదార్పు అది. ముందు లేచేది చనిపోయినవాళ్లే, తర్వాతే మనం, అందరం కలిసే ఆయన్ను ఎదుర్కొంటాం అన్నాడు. వీడియోల్లో నడిపేవాళ్లు ఎత్తబడిపోయిన ఖాళీ కార్లు చూపిస్తారు, సమాధుల దగ్గర నిలబడ్డ వాళ్లను చూపించరు. ఒక సాయంత్రం మీవారిని మరిది సమాధి దగ్గరికి తీసుకెళ్లండి. లేదంటే ఆయన పేరు మీద ఇంట్లో ఒక జ్ఞాపకార్థ కూటం పెట్టండి, అప్పుడు జరగనిది ఇప్పుడు జరగనివ్వండి. పాస్టర్‌గారిని ఆ అధ్యాయమే చెప్పమనండి. అక్కడ తేదీల మాట మీరు ఎత్తకండి.

ఉద్యోగం గురించి కూడా ఆ సంఘానికే రాసింది ఉంది. ప్రభువు దినం వచ్చేసిందని పౌలు పేరు మీద ఎవరో ఉత్తరం పుట్టించి తిప్పారు, మన వాట్సాప్ ఫార్వర్డ్ లాంటిదే. దాంతో కలవరపడవద్దని రెండో ఉత్తరంలో రాశాడు. అక్కడ కొందరు పనీపాటా మానేసి తిరుగుతున్నారని కూడా ఆయన చెవిన పడింది. "ఎవడైనను పనిచేయ నొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు" అన్నది వాళ్లను ఉద్దేశించిన మాటే. ఇది చెప్పినవాడు డేరాలు కుట్టుకు బతికాడు. మీవారు వినే బోధకులు ఎక్కువగా తెరిచేది దానియేలు గ్రంథం కదా, 8వ అధ్యాయం చివరి వచనం వాళ్లు చదివి ఉంటే బాగుండేది. కడపటి కాలపు దర్శనం చూసి దానియేలు మూర్ఛపోయాడు, కొన్నాళ్లు జబ్బుపడ్డాడు. తర్వాత లేచి ఏం చేశాడు? రాజు పని చేసుకుంటూ వచ్చాడు. డ్యూటీలో చేరాడన్నమాట. అదీ బబులోను ప్రభుత్వంలో.

పదహారేళ్ల సర్వీసంటే పీఎఫ్ పెన్షన్‌కు కావలసిన పదేళ్లు మీవారు దాటేశారు. యాభై ఎనిమిదేళ్లు నిండాక నెలనెలా వచ్చేది అది. ఆవేశంలో రాజీనామా ఇచ్చి, పీఎఫ్ సొమ్ము తీసేసి ఎవరి ఖాతాలోనో వేసే ముందు ఈ లెక్క ఆయన ముందుండాలి. మీరు చెబితే నస అంటారు, కంపెనీలో హెచ్‌ఆర్ దగ్గర కూర్చుని కాగితం మీద చూసుకోమనండి.

ప్లాటు సంగతికి యిర్మీయా ప్రవక్త ఉన్నాడు. 32వ అధ్యాయం ఆయన్నే చదవమనండి. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. ఈ పట్టణం పడిపోతుందని చెప్పినందుకే ప్రవక్తను చెరసాల ఆవరణలో పెట్టారు. అంతం ఖాయమని అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే. అలాంటివాడు అక్కడ కూర్చుని, అనాతోతులో పినతండ్రి కొడుకు పొలం కొన్నాడు! పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాయించి, సాక్షులతో సంతకాలు పెట్టించి, ముద్రవేసినది ఒకటి, వేయనిది ఒకటి తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా రోజులు చెడిపోకుండా మట్టికుండలో దాచమన్నాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారు అన్నది దేవుడు చెప్పించిన మాట. ఘట్‌కేసర్ ప్లాటు గురించి ఇంతకన్నా సూటిగా నేనేమీ చెప్పలేను.

ఇవ్వాలనే మనసు మంచిదే, దాన్ని చంపకండి. కానీ బలవంతంగా కాకుండా హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వమనే రెండో కొరింథీయులకు 9:7 చెబుతోంది, ఆ నిశ్చయం ఇంట్లో ఇద్దరిదీ కావాలి. పిల్లల చదువు, ఇంటి ఖర్చు పోగా నెలకు ఎంత అని మీరిద్దరూ కూర్చుని రాసుకోండి. ఆ డబ్బు కళ్లకు కనిపించే చోట పెట్టండి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర జిల్లాల నుంచి వచ్చిన రోగుల మనుషులుంటారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అన్నం పొట్లాలు కట్టుకుని నలుగురూ అక్కడికి వెళ్లండి. మత్తయి 24 తర్వాత వచ్చేది 25. గుర్తులన్నీ చెప్పిన ప్రభువు ఆ అధ్యాయంలో తీర్పు రోజున అడిగేది ఆకలిగొన్నప్పుడు పెట్టారా, రోగినైనప్పుడు చూశారా అనే గానీ, తేదీ సరిగ్గా కట్టారా అని కాదు.

మొదటి తిమోతి 5:8 అని ఒక వచనం ఉంది. ఇంటివాళ్లను సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని. మీకు తెలిసే ఉంటుంది, నోటి చివరనే ఉండి ఉంటుంది. దాన్ని గొడవలో విసరకండి. పాస్టర్‌గారో, ఆయన గౌరవించే సంఘ పెద్దో చెబితే అది వాక్యం, రాత్రి పదింటికి వంటింట్లోంచి మీరు అంటే దెప్పిపొడుపు.

పాప విషయంలో మాత్రం ఆయన మనసు మారేదాకా ఆగడానికి వీల్లేదు. ఎంసెట్‌ను ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, పేరు మారినా కౌన్సెలింగ్ తేదీలు ఎవరి కోసమూ ఆగవు. స్లాట్ బుక్ చేయించండి, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు మీరే వెంట వెళ్లండి, వెబ్ ఆప్షన్లు పెట్టించండి. చాటుగా వద్దు, ఆయనకు చెప్పే చేయండి: "సీటు వచ్చేదాకా పని జరగనివ్వండి, ఫీజు కట్టే రోజున మాట్లాడుకుందాం." దానియేలు కూడా కల్దీయుల విద్య మూడేళ్లు చదివాడని పాపకు చెప్పండి, పాపం ఆ పిల్లా అయోమయంలో ఉండి ఉంటుంది. ఆధార్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ప్రకటన 13లోని ముద్ర మృగానికి నమస్కారం చేయడంతో ముడిపడిన సంగతి. 14వ అధ్యాయం మొదట్లోనే గొర్రెపిల్లతో నిలబడ్డవాళ్ల నొసళ్ల మీద తండ్రి పేరు ఉంటుంది. ఎవరికి మొక్కుతున్నావన్నదే అక్కడి ప్రశ్న. ప్రభుత్వ లెక్కల్లో పేరు రాయించుకోవడమే తప్పయితే, కైసరు ఆజ్ఞ మీద జనసంఖ్యలో పేరు రాయించుకోవడానికి యోసేపు నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకుని బేత్లెహేము దాకా వెళ్లి ఉండేవాడు కాదు.

ఒకటి మీరు రాయలేదు: ప్లాటు ఎవరి పేరున ఉంది? ఇద్దరి పేరా రిజిస్టరై ఉంటే మీ సంతకం లేకుండా మొత్తం అమ్మడం కుదరదు. ఆయన సొంత సంపాదనతో ఆయన ఒక్కరి పేరనే కొన్నదైతే చట్టప్రకారం మిమ్మల్ని అడగాల్సిన పని లేదు, అప్పుడు పాస్టర్‌గారినీ, మీ అత్తింటి పెద్దలనూ ఈ వారమే కూర్చోబెట్టాలి. ముందు బీరువాలోని డాక్యుమెంటు తీసి చూడండి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ ప్లాటు మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం కూడా తీయించండి. ఎవరి దగ్గరైనా బయానా తీసుకున్నారేమో ఆయన్నే మెల్లగా అడగండి. తీసుకుని ఉంటే నాకు మళ్లీ రాయకముందే వకీలును కలవండి.